టవర్ కిందే ఉన్నాం, నెట్‌లో లేము

మంగంపేట ముగ్గురాయి సముద్రాలు దాటి పోతాది. చమురు బావులు తవ్వేటప్పుడు బురదకు బరువు రావడానికి ఈ పొడే కలుపుతారు. గని ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీది. రాయిని ఆన్‌లైన్ టెండర్లలో అమ్ముతారు. రాయికి నెట్ అందింది సరే, ఈ చుట్టుపక్కల యానాది, ఎరుకల ఇండ్లకు ఎంత అందింది?

ఆదివాసీలు, ఇంటర్నెట్ అనగానే అందరికీ గుర్తొచ్చేది పాడేరు కొండలు, సిగ్నల్ కోసం గుట్టెక్కే పిల్లలు. అది నిజమే. 2021 నవంబరులో కేంద్రం అయిదు రాష్ట్రాల్లోని 7,287 గ్రామాలకు 4జీ టవర్లు మంజూరు చేసిందీ అందుకే. కానీ మైదానంలో ఉండే మన కత వేరు. ఇక్కడ టవర్ కంటికి కనిపిస్తానే ఉంటుంది. లేనిది రీచార్జి, చేతిలో ఫోను, ఆధార్ కాగితం.

లెక్క చూడండి. 2024 జులైలో జియో రేట్లు పెంచాక రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 28 రోజుల ప్యాక్ 239 నుంచి 299 రూపాయలైంది. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజుకూలి 300. అంటే ఒక ఫోన్‌కు ఒక రోజు ఎండలో మట్టి పని. పైగా ఏడాదికి నెలలు పన్నెండే గానీ రీచార్జులు పదమూడు! కూలి దొరకని నెలలో ఇంట్లో మొదట ఆగేది ఇదే.

ఇంటికి ఒక ఫోన్ ఉందనుకుందాం. తెల్లారితే అది మగాయన జేబులో తోటల పనికి పోతుంది. సర్వేవాళ్లు వస్తే 'ఫోన్ ఉంది' అని రాసుకుంటారు. ఇంట్లో ఉన్న ఆడమనిషికి, పిల్లకి అది ఉన్నట్టా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వాళ్లను అడిగింది, జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడారా అని. అవునన్న మగవాళ్లు నూటికి 48.8, ఆడవాళ్లు 21. దేశమంతా కలిపితే ఆడవాళ్లు 33.3. ఐటీ రాష్ట్రమని చెప్పుకునే మనం దేశం కంటే వెనక! కరోనాకు ముందు లెక్క ఇది, ఇప్పుడు పెరిగే ఉంటుంది. కానీ ఆ 21లో యానాది ఆడబిడ్డలు ఎంతమంది? రాష్ట్ర సగటు ఆ మాట చెప్పదు. కడప జిల్లాలో నూటికి ముగ్గురం కూడా లేని మనం ఏ సగటునూ కదిలించలేం.

ఇంత తేడా ఉండగానే సర్కారు పనులన్నీ ఫోన్‌లోకి ఎక్కాయి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనిలో హాజరు యాప్‌లోనే, పూటకో ఫొటో. 2025 జనవరి 30న 'మన మిత్ర' వచ్చింది, 161 సేవలు వాట్సాప్‌లో. మంచిదే, ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది, ఫోన్ ఉన్నవాళ్లకి. ఆధార్ కార్డే లేని యానాది కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఆధార్ ఉన్నా, ముసలోళ్ల వేళ్లు అరిగిపోయి ముద్ర పడదు.

ఫోన్ ఉన్న మన కుర్రోళ్ల సంగతీ చెప్పుకోవాలి. రీల్స్ చూడ్డానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు మాత్రం నెట్ సెంటర్‌కు పోవాలి, అడిగినంత ఇవ్వాలి, పాస్‌వర్డ్ కూడా ఆయన దగ్గరే. పిల్లల్ని తిట్టి లాభం లేదు. రీల్స్ తెలుగులో మాట్లాడతాయి, ఫారాలు ఇంగ్లీషులో నిలదీస్తాయి.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ఆ కేసు వేసినవాళ్లు యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్లు. ఈ-కేవైసీలో కన్నార్పలేక ఆగిపోయినవాళ్లు. వేలిముద్ర పడని మన అవ్వది కూడా అదే కేసు కదా?

కాబట్టి టవర్ అడగడంతో ఆగొద్దు. ఆన్‌లైన్‌లో ఉన్న ప్రతి సేవకూ సచివాలయంలో కాగితం మీద కూడా దరఖాస్తు తీసుకోవాలి, రసీదు ఇవ్వాలి. ఎస్టీ కాలనీల లెక్క విడిగా తీయాలి. వాళ్లు తీసేదాకా మనమే తీద్దాం. మీ కాలనీలో ఎన్ని ఇండ్లు, ఎన్ని ఫోన్లు, అందులో ఆడవాళ్ల చేతిలో ఎన్ని, ఈ నెల రీచార్జి ఉన్నవి ఎన్ని, ఆధార్ లేనివాళ్లు ఎందరు? ఒక తెల్లకాగితం చాలు. వచ్చే గ్రామసభలో అది ఇచ్చి, మినిట్స్‌లో రాయించండి.