ఆఫీసు చప్పట్లు కొట్టనక్కర్లేదు

న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక జరిపిన ప్రపంచ కథల పోటీలో 1952లో ఒక తెలుగు కథకు రెండో బహుమతి వచ్చింది. కథ పేరు ‘గాలివాన’, రాసినాయన పాలగుమ్మి పద్మరాజు. 1939 నుంచీ ఆయన కాకినాడ పి.ఆర్. కాలేజీలో సైన్సు లెక్చరరు. జీతం వచ్చింది పాఠానికి, పేరు వచ్చింది కథకు. ఇదే ఊళ్లో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అనే నాటక సంస్థ ఉండేది. ఎస్వీ రంగారావు, అంజలీదేవి, రేలంగి, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు సినిమాల్లో వెలగకముందు ఆ సంస్థ నాటకాల్లో తిరిగినవారే. ఉద్యోగం ఒకచోట, ప్రాణం ఇంకోచోట పెట్టుకుని బతికే మనుషులు కాకినాడకు కొత్త కాదు. ఇవాళ కూడా కలెక్టరేటులో, పోర్టులో, బ్యాంకుల్లో, కరెంటాఫీసులో, బడుల్లో అలాంటివాళ్లున్నారు. ఆఫీసు వదలగానే రిహార్సల్‌కు పరిగెత్తే గుమాస్తా, సెలవు రోజున షార్ట్ ఫిల్మ్ తీసే ఇంజినీరు, ఆదివారం అనుబంధంలో కథ అచ్చయ్యే టీచరమ్మ. వీళ్లలో చాలామందికి కళ దగ్గర ఇబ్బంది లేదు. ఇబ్బందంతా పక్క కుర్చీతోనే.

నాటక పరిషత్తులో ఉత్తమ నటుడి బహుమతి వచ్చిన మర్నాటి సంగతి చూడండి. కాజాల డబ్బా తెరిచి సెక్షనంతా పంచుతాడు ఆ ఉద్యోగి. కాజా అందుకుంటూనే పక్క సీటాయన, “ఇవాళైనా పని చేస్తారా, మేకప్ తుడుచుకోడానికి మళ్లీ సెలవా?” అంటాడు. నలుగురూ నవ్వుతారు. మరుసటి వారం ఒక ఫైలు ఆలస్యమవుతుంది. ఎవరివల్ల ఆలస్యమైనా, “ఆయనకి నాటకాలే సరిపోతాయండీ” అన్న మాట దాంతోపాటే పై అధికారి దాకా వెళ్తుంది. అన్నవాడు సాయంత్రానికి మర్చిపోతాడు. పడ్డవాడికి మాత్రం రాత్రి రిహార్సల్లో డైలాగు సగంలో ఉండగా అది గుర్తొస్తుంది. బహుమతి ఇచ్చిన ఆనందాన్ని ఒక్క వాక్యం తినేస్తుంది. ఇది చిన్న నష్టం కాదు.

దీన్ని అసూయ అని ఒక్క మాటతో తేల్చేయడం సులువు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఏబ్రహాం టెసర్ 1980లలో చేసిన పరిశోధనలు ఇంకొంచెం లోతుకు తీసుకెళ్తాయి. మనకు దగ్గరగా ఉన్న మనిషి గెలిచినప్పుడు రెండు రకాలుగా స్పందిస్తాం. ఆ గెలుపు మనకు పట్టని రంగంలోదైతే మనవాడే కదా అని గర్వపడతాం. మనం కూడా ముఖ్యమనుకునే రంగంలోదైతే లోపల గుచ్చుకుంటుంది. మరి గోదావరి జిల్లాల్లో నాటకం, పద్యం, కథ పట్టనివాళ్లు ఎంతమంది? కాలేజీ రోజుల్లో ఒక్కసారైనా ముఖానికి రంగేసుకోనివాడు, నోటుబుక్కు చివరి పేజీల్లో నాలుగు పంక్తులు రాసుకోనివాడు తక్కువ. పెళ్లి, పిల్లలు, బదిలీల మధ్య దాన్ని వదిలేసుకున్న మనిషి పక్కనే వదలని మనిషి కూర్చుంటే, తాను పోగొట్టుకున్నది రోజూ ఎదురుగా కనబడుతుంది. చాలా చురకలకు మూలం అక్కడుంది. అది తెలిసినంత మాత్రాన భరించమని అనడం లేదు. కానీ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే దాని బరువు సగం తగ్గుతుంది.

నా వాదం ఇదీ. కళలో వచ్చిన పేరుకు ఆఫీసు నుంచి గుర్తింపు కోరడం మానేస్తే, ఆ పేరే ఆఫీసును తట్టుకునే బలాన్నిస్తుంది. కోరినంతకాలం అదే మన బలహీనత. నటనను తూచేది పరిషత్తు న్యాయనిర్ణేతలూ ప్రేక్షకులూ. కథను తూచేది సంపాదకుడూ పాఠకుడూ. సెక్షను సూపరింటెండెంటుకు గానీ పక్క సీటాయనకు గానీ ఆ తూకం తెలియాలని ఎక్కడా లేదు. పరువు రెండుచోట్ల ఉన్న మనిషిని ఒకచోట ఎంత తగ్గించినా పూర్తిగా తగ్గించలేరు. ఆ రెండోచోటి పరువును తీసుకొచ్చి ఆఫీసు బల్ల మీద పెట్టి “చూశారా” అన్నామా, దానికి విలువ కట్టే అధికారం మనమే వాళ్ల చేతికి ఇచ్చినట్టు. జ్ఞాపిక ఇంట్లో ఉండాలి. శాలువా ఫొటో ఆఫీసు వాట్సాప్ గ్రూపులో కాకుండా నాటక మిత్రుల గ్రూపులో ఉండాలి. ఎవరైనా ఇష్టంగా అడిగితే సంతోషంగా చెప్పుకోవచ్చు. అడగనివాళ్ల మెప్పు కోసం ఎదురుచూడటమే తప్పు.

కళ నిజంగా ఉద్యోగానికి బలమిస్తుందా అని అడిగేవాళ్లకు కొంత ఆధారం చూపించగలను. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీకి చెందిన కెవిన్ ఎషల్‌మన్ బృందం 2014లో ఒక అధ్యయనం ప్రచురించింది. రకరకాల కొలువుల్లో ఉన్న 341 మందినీ, అమెరికా వైమానిక దళంలోని 92 మంది కెప్టెన్లనూ పరిశీలించారు. ఆ కెప్టెన్ల పనితీరుకు మార్కులు వేసింది వాళ్లతో కలిసి పనిచేసేవాళ్లే. తీరిక వేళల్లో సృజనాత్మకమైన పని చేసేవాళ్లకు పని అలసట నుంచి తేరుకునే శక్తి మెరుగ్గా ఉందనీ, ఆఫీసులో తోటివారికి సాయపడటంలోనూ చిక్కులు విప్పడంలోనూ వాళ్లు ముందున్నారనీ తేలింది. చురుకైనవాళ్లే రెండు పనులూ చేస్తారేమో, ఇందులో కళ గొప్పేముంది అనవచ్చు. ఆ అనుమానాన్ని ఈ అధ్యయనం పూర్తిగా తీర్చదు. కానీ ‘కళ ఉన్నవాడు పని ఎగ్గొడతాడు’ అన్న మన ఆఫీసుల నమ్మకానికి మాత్రం అక్కడ ఆసరా దొరకలేదు. దీని వెనకున్న కారణం ఊహించడం కష్టం కాదు. హార్మోనియం శ్రుతి అందుకుని పద్యం ఎత్తుకోవాల్సినవాడి బుర్రలో, ఆ కాసేపూ, పగటి మాటలకు చోటుండదు. ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాడికి ఆ వెసులుబాటు లేదు. తెర మీద ఏం నడుస్తున్నా లోపల ఆఫీసే నడుస్తుంది.

షెఫీల్డ్ యూనివర్సిటీలో సియారా కెలీ బృందం చేసిన మరో అధ్యయనం ఇంకో మెలిక చూపించింది. హాబీ ఉన్న 129 మందిని ఏడు నెలలు గమనించారు. హాబీని గట్టిగా పట్టుకున్నవాళ్లలో, అది ఉద్యోగానికి దూరంగా ఉన్నప్పుడు ‘నా పని నేను చేయగలను’ అన్న ధీమా పెరిగింది. ఉద్యోగంలాంటిదే హాబీ అయినప్పుడు, దానికి సమయం ఎక్కువ పెట్టినకొద్దీ ఆ ధీమా తగ్గింది. మన సాహిత్య చరిత్ర చదివినవారికి ఇది ఆశ్చర్యంగా ఉండదు. పద్మరాజుగారిది సైన్సు. తెలుగువాళ్లను అంతగా నవ్వించిన భమిడిపాటి కామేశ్వరరావుగారు రాజమండ్రిలో లెక్కల మాస్టారు. ‘యజ్ఞం’ రాసి, కథలకు 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న కాళీపట్నం రామారావుగారు విశాఖపట్నంలో లెక్కల మాస్టారుగానే రిటైరయ్యారు. పగలు ఒక రకం బుద్ధికి పని చెప్పి, మిగిలిన వేళల్లో వేరే రకం బుద్ధికి పని చెప్పారు. రెండింటినీ కలిపి గందరగోళం చేసుకోలేదు.

ఇంత పేరొస్తుంటే ఆ ఉద్యోగమూ ఆ మాటలూ దేనికి, వదిలేయొచ్చుగా అనేవాళ్లుంటారు. ఎస్వీ రంగారావుగారి జీవితం చూడండి. ఆయన అగ్నిమాపక శాఖలో ఫైర్ ఆఫీసరు ఉద్యోగం వదులుకుని నటనలోకి వెళ్లారు. మొదటి సినిమా ‘వరూధిని’ ఆడలేదు. అంతటి నటుడూ మళ్లీ ఉద్యోగం వెతుక్కుని జంషెడ్‌పూర్‌లో టాటావారి దగ్గర చేరాల్సి వచ్చింది. తిరిగొచ్చి, 1951లో ‘పాతాళభైరవి’ మాంత్రికుడయ్యాకగానీ ఆంధ్రదేశమంతా ఆయన్ను చూడలేదు. ఆయన ఉద్యోగం వదిలింది కళ పిలిచినందుకు. పద్మరాజుగారు తర్వాత సినిమా రచనకు వెళ్లిందీ అందుకే. పక్క సీటాయన మీద కోపంతో రాజీనామా రాయడం వేరు. అలా రాసినవాడు ఇంటి ఖర్చంతా తెచ్చి కళ నెత్తిన పెడతాడు. అంతవరకు ఆనందంగా ఉన్న నాటకం ఆ రోజు నుంచి అప్పులవాళ్లకు జవాబు చెప్పాల్సి వస్తుంది.

రెండో ఆక్షేపణ ఇంతకంటే గట్టిది, దీని దగ్గర కాస్త ఆగాలి. తోటివాళ్ల సణుగుడులో కొంత న్యాయముంది. పరిషత్తు కోసం రెండు రోజులు వేరే ఊరు వెళ్తే ఆ రెండు రోజులూ కౌంటరు దగ్గర నిలబడ్డ జనానికి ఎవరో ఒకరు సమాధానం చెప్పాలి. నెలాఖరు జీతాల బిల్లులు ఎవరో ఒకరు ముగించాలి. ఆ ఎవరో ఒకరికి శాలువా కప్పరు, జ్ఞాపిక ఇవ్వరు. మనకు అసూయగా కనబడేదాంట్లో సగం ఈ అదనపు చాకిరీయే కావచ్చు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో 15వ నియమం, అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, శాస్త్రీయ కృషికి ముందస్తు అనుమతి అక్కర్లేదంటూనే, విధులకు భంగం కలగకూడదని షరతు పెట్టింది. హక్కూ షరతూ ఒకే నియమంలో ఉన్నాయి. హక్కును మాత్రమే చదువుకున్న కళాకారుడు తన కళకే చెడ్డపేరు తెస్తాడు. ఆఫీసు వేళల్లో డైలాగులు బట్టీపట్టడం, ఫైలు కింద స్క్రిప్టు పెట్టుకోవడం, రిహార్సల్ ఉందని గంట ముందే జారుకోవడం, ఇవన్నీ తోటివాళ్ల నోటికి మనం అందించే సాక్ష్యాలు. రాష్ట్ర ఉద్యోగులూ, ప్రైవేటు కొలువుల్లో ఉన్నవాళ్లూ తమ సంస్థ నిబంధనలు ఒకసారి తీసి చదువుకోవాలి. ముఖ్యంగా పారితోషికం ముట్టే సందర్భాల్లో అనుమతి కాగితం చేతిలో ఉండాలి. అది ఉంటే సగం పుకార్లు పుట్టకముందే చస్తాయి.

ఇక నిజంగానే వేధించేవాళ్లుంటారు. వాళ్ల విషయంలో సర్దుకుపొమ్మని చెప్పడం అన్యాయం. ఎంత గొప్ప కళైనా వేధింపుకు మందు కాదు. ఆకాశరామన్న ఉత్తరాలు రాసేవాళ్లు మన ఆఫీసుల్లో ఏనాడూ తక్కువ కాలేదు. అలాంటి పేరూ ఊరూ లేని ఫిర్యాదుల మీద చర్యలు తీసుకోవద్దని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999లోనే కేంద్ర శాఖలకు చెప్పింది. ఆ సంగతి తెలిసినా భయపడేవాళ్లే ఎక్కువ. ఆడవాళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. మగవాడు వేషం కడితే ‘కళాకారుడు’, అదే ఆఫీసులో ఆవిడ వేషం కడితే ‘నాటకాలావిడ’. ఆ పిలుపు వెనక వెకిలి నవ్వు, దాని వెనక అసభ్యమైన మాట వస్తే అది హాస్యం కిందికి రాదు. పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. ఎవరు, ఏ రోజు, ఎవరి ఎదుట ఏమన్నారో రాసిపెట్టుకుని ఆ కమిటీకి ఇవ్వాలి. చురకకు మౌనం సరిపోతుంది, వేధింపుకు కాగితం కావాలి. ఏది ఏదో తేల్చుకోవడంలో పొరపడితే చిన్నదానికి రచ్చ చేస్తాం, పెద్దదాన్ని మింగేస్తాం.

ఆఫీసును నడిపేవాళ్లకు కూడా ఇందులో పాత్ర ఉంది. కళాకారుణ్ణి నలుగురిలో పొగిడి, అతని పనిని మిగతావాళ్ల మీద పడేసే అధికారి ఇద్దరికీ అన్యాయం చేస్తున్నాడు. అలాంటి పొగడ్త కంటే సెలవు పట్టికను ముందే సరిచేయడం మేలు. కాకినాడ సూర్యకళామందిరంలో ప్రదర్శన ఉన్నవారికి ఒక రోజు సర్దుబాటు చేసినట్టే, పిల్లవాడి పరీక్షలున్నవారికీ, శబరిమల మాల వేసుకున్నవారికీ, మ్యాచ్ ఆడేవారికీ చేస్తే ఎవరికీ కడుపుమంట ఉండదు. కళకు ప్రత్యేక హోదా అడగడం నాకు ఇష్టం లేదు. అందరి తీరిక లాంటిదే కళాకారుడి తీరిక కూడా అన్న న్యాయం చాలు.

కాబట్టి ఉద్యోగం చేసుకుంటూ నాటకమాడే, పాడే, రాసే మిత్రులకు నా విన్నపం చిన్నది. తర్వాతి పరిషత్తుకు పేరు ఇచ్చే రోజునే సెలవు చీటీ కూడా ఇవ్వండి. ఆ రెండు రోజులూ మీ సీటు ఎవరు చూస్తారో వారిని ముందే అడిగి, వారి పేరు అందులో రాయండి. తిరిగొచ్చాక వారికి అవసరమైన రెండు రోజులు మీరు వారి సీట్లో కూర్చోండి.