రాగి రేకు చెప్పని స్వరం

అన్నమయ్య పాట వినబడని తెలుగిల్లు ఉంటుందా? చంటిపిల్లను జోకొట్టాలన్నా ఆయనే, పెళ్లిలో తలంబ్రాల వేళా ఆయనే, సంగీతం నేర్చుకునే పిల్లల నోటా ఆయనే. పాట ఎవరిదని అడిగితే ఐదో తరగతి పిల్లాడు కూడా ఠక్కున చెప్పేస్తాడు. మరి బాణీ ఎవరిది? అదేం ప్రశ్న, అదీ అన్నమయ్యదేగా అంటాం.

కాదండీ. భజన గోష్ఠుల్లో నోటి నుంచి నోటికి వచ్చిన కొన్నిటిని పక్కన పెడితే, ఇవాళ మనం వింటున్న బాణీల్లో చాలావాటికి మన తాతయ్యల వయసు కూడా లేదు.

అన్నమయ్య 1408 నుంచి 1503 వరకు జీవించాడు. ముప్పై రెండు వేల సంకీర్తనలు రాశాడని ప్రతీతి. వాటిని తాళ్లపాక వారు రాగి రేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక అరలో భద్రపరిచారు. అవి మళ్లీ పండితుల చేతికి వచ్చింది 1922 ప్రాంతంలో. ఇప్పుడు దొరుకుతున్నవి పన్నెండు వేలకు పైగా. ప్రతి పాట నెత్తినా రాగం పేరు ఉంది. స్వరాలు మాత్రం లేవు. అంటే వంట పేరు దొరికింది, వండే తీరు దొరకలేదన్నమాట!

రాగం పేరు తెలిస్తే చాలదా అంటారేమో. ఉదాహరణకు ముఖారినే తీసుకోండి. 1550లో రామామాత్యుడు రాసిన స్వరమేళకళానిధిలో ముఖారి అంటే అన్నీ శుద్ధ స్వరాలే, ఇప్పటి లెక్కలో కనకాంగి. ఇవాళ్టి ముఖారి ఖరహరప్రియ బిడ్డ. పేరు అదే, మనిషి వేరు. ఇక మనకిప్పుడు పేరు మాత్రమే మిగిలిన రాగాల సంగతి చెప్పక్కర్లేదు.

ఈ చిక్కుముడి విప్పడానికి కూర్చున్న పెద్దాయన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. 1893లో అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టారు. మైసూరు మహారాజా కళాశాలలో 1912 నుంచి 1949 దాకా తెలుగు పాఠాలు చెప్పారు. అక్కడే బిడారం కృష్ణప్ప దగ్గర సంగీతం నేర్చుకున్నారు. వేమన మీద ఆయన చేసిన ఉపన్యాసాలను సాహిత్య ప్రియులు ఇప్పటికీ తలుచుకుంటారు. అంతకుముందు వేటూరి ప్రభాకరశాస్త్రి ఈ సంకీర్తనల పరిష్కరణకు ఎంతో శ్రమించారు. 1950లో రాళ్లపల్లి వారు తిరుపతి చేరారు. అప్పటికి ఆయన వయసు యాభై ఏడు. ఉద్యోగ విరమణ చేసి విశ్రాంతి తీసుకోవలసిన వయసులో రేకుల ప్రతులు ముందేసుకున్నారు.

ఒక పక్క పాఠం సరిచూడటం, మరో పక్క పాట కట్టడం. మాట అర్థం తెలియనివాడు స్వరం కడితే పదం ఎక్కడో విరిగిపోతుంది. స్వరం తెలియనివాడు పాఠం దిద్దితే నడక దెబ్బతింటుంది. ఆయనకు రెండూ తెలుసు. వందకు పైగా పాటలకు స్వరాలు కట్టి అచ్చువేయించారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదుతో గౌరవించింది. 1979లో కన్నుమూశారు.

ఆ దారిలోనే నేదునూరి కృష్ణమూర్తి వచ్చారు. ‘నానాటి బతుకు’ను రేవతి రాగంలో మనకిచ్చింది ఆయనే. వందల పాటలకు బాణీలు కట్టిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ 2025 మార్చిలో వెళ్లిపోయారు.

పడమటి దేశాల్లో ఈ బెంగ తక్కువ. డబ్లిన్‌లో రాబర్ట్ ప్రెస్కాట్ స్టూవర్ట్ అనే ఆర్గన్ విద్వాంసుడు 1852 నుంచి ఏకంగా రెండు కెథడ్రళ్లలో వాయించాడు. ఆయన ప్రార్థన కోసం రాసిన సంగీతం కాగితం మీద స్వరాలతో సహా ఉంది. పాడేవాళ్లు విప్పి చూసుకుంటే చాలు. మన దగ్గర గురువు గొంతే కాగితం. గొంతు ఆగితే బాణీ ఆగిపోతుంది.

ఓరుగల్లు వాళ్లకు ఇది తెలియని కథ కాదు. కాకతీయుల గజసేనాని జాయపుడు పదమూడో శతాబ్దంలో నృత్తరత్నావళి రాశాడు. పుస్తకం మిగిలింది, రామప్ప గుడిలో శిల్పాలు మిగిలాయి, ఆట మిగల్లేదు. నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ ఆ శిల్పాలనీ ఆధారం చేసుకుని పేరిణిని మళ్లీ నిలబెట్టారు. కాకతీయుల నాట్యమని గర్వంగా చెప్పుకుంటూనే, నిలబెట్టినాయన పేరూ చెప్పుకుంటున్నాం. పేరిణి గొప్పతనం దానివల్ల తగ్గిందా?

మరి పాట దగ్గర ఎందుకు మొహమాటం? కచేరీలో రాగం చెబుతారు, తాళం చెబుతారు, రచన అన్నమయ్య అంటారు. బాణీ కట్టినవారి ఊసే ఉండదు. అలా ఒక తరం గడిస్తే, అది అనాదిగా వస్తున్న బాణీ అయి కూర్చుంటుంది. అప్పుడు కొత్తగా స్వరం కట్టేవాడిని అన్నమయ్య పాట పాడుచేస్తున్నావని కసురుకుంటాం. నిజానికి రాళ్లపల్లి వారు చేసిందీ కొత్త బాణీ కట్టడమే కదా! తేడా అల్లా దాని వెనకున్న చదువులో ఉంది.

ఈసారి నవరాత్రులకు భద్రకాళి గుడిలో మీ అమ్మాయి అన్నమయ్య పాట పాడుతుంటే, ముందుగా వాళ్ల టీచర్‌ను ఒక్కమాట అడగండి, ఈ బాణీ ఎవరిదని. తెలిస్తే మైకులో ఆ పేరు కూడా చెప్పించండి. అర నిమిషం కూడా పట్టదు.