ఓటరు జాబితాలో చేరాల్సినవారు

ఉచిత చిత్రాల భాండాగారం వికీమీడియా కామన్స్‌లో ఏటా ఆ ఏటి మేటి చిత్రాన్ని ఓట్లతో ఎన్నుకునే ఆనవాయితీ 2006 నాటి చిత్రాలతో మొదలైంది. అలాస్కాలో బేర్ లేక్ మీద విరిసిన ధ్రువకాంతుల ఫొటో తొలి విజేత. ఆ బొమ్మలను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు గానీ, ఓటు మాత్రం అందరికీ లేదు. ముందే ప్రకటించిన తేదీనాటికి ఖాతా తెరిచి, ఏదో ఒక వికీలో 75కు మించి మార్పులు చేసినవారే ఓటర్లు.

ఇందులో తేదీ నిబంధన నాకు ఎంతో నచ్చింది. పోటీ మొదలయ్యాక వాట్సాప్ గ్రూపుల్లో “లింకు నొక్కండి, మనవాణ్ణి గెలిపించండి” అని ఎంత ప్రచారం చేసినా, ఆ పిలుపు విని వచ్చినవారికి ఓటు దక్కదు.

రుసుము కడితే ఓటు అనే పద్ధతీ ఉంది. సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో అవార్డులు అలాంటివే. 2015లో 40 డాలర్లు చెల్లిస్తే ఓటు హక్కు వచ్చేది. ఆ ఏడు కొందరు ముందే కూడబలుక్కుని ఒకే జాబితా ప్రకారం నామినేషన్లు నింపేశారు. మిగతా సభ్యులు మండిపడి అయిదు విభాగాల్లో ఎవరికీ అవార్డు దక్కకుండా ఓటేశారు. చివరికి నామినేషన్లు లెక్కించే తీరునే మార్చుకోవాల్సి వచ్చింది. సాహిత్య పురస్కారంలో ఓటుకు డబ్బు అర్హత కావడం నాకు ససేమిరా నచ్చదు. చేసిన పనినే చూడాలి.

అయితే పనిని లెక్కించడం అంత తేలిక కాదు. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల పాఠం దిద్దేవారిని చూడండి. ఒకవైపు స్కాన్ చేసిన పుట, మరోవైపు యంత్రం చదివిన పాఠం. యంత్రం ‘ధ’ను ‘థ’ అంటుంది, ‘వ’ను ‘ప’ అంటుంది, వత్తులు మింగేస్తుంది. అక్షరం అక్షరం సరిచూసి పుట భద్రపరిస్తే లెక్కలోకి వచ్చేది ఒక్క మార్పు. మరొకచోట ఒక్క కామా తీసేసినా ఒక్క మార్పే! పైగా వికీపీడియాలో నలభై, వికీసోర్స్‌లో నలభై చేసినవారికి కామన్స్ నియమం ప్రకారం ఓటు లేదు. ఏ ఒక్కచోటా 75 దాటలేదు మరి.

ఇది అన్యాయం. మన తెలుగు అంతర్జాల బృందాలు పురస్కారాలకు ఓటింగు పెట్టేటప్పుడు తేదీ నిబంధనను తప్పక తీసుకోవాలి. పని పరిమితిని మాత్రం తగ్గించాలి, అన్నిచోట్ల చేసిన పనినీ కలిపి చూడాలి. వికీల్లో ఒక వాడుకరి అన్ని ప్రాజెక్టుల్లో చేసిన మార్పుల మొత్తం ఖాతా వివరాల్లో ఇప్పటికే కనిపిస్తోంది.