కొలిచి వేసినంత మాత్రాన వైద్యం కాదు

షుగరున్న మనిషి నిమోనియాతోనో కాలి పుండుతోనో ఆసుపత్రిలో చేరగానే చాలాచోట్ల ఇంటి మందులన్నీ ఆపేసి, కేస్ షీటులో ఒక పట్టీ రాసేస్తారు: 150 లోపుంటే ఏమీ వద్దు, 200 దాటితే 4 యూనిట్లు, 250 దాటితే 6, 300 దాటితే 8. పూటపూటా సిస్టర్ వేలు పొడిచి చూసి, ఆ పట్టీ ప్రకారం రెగ్యులర్ ఇన్సులిన్ వేస్తుంది. స్లైడింగ్ స్కేల్ అంటే ఇదే. కొలిచి మరీ వేస్తున్నారు కదా, ఇంతకన్నా భద్రమైన పద్ధతి ఏముంటుందని డాక్టర్లలో చాలామంది, రోగి బంధువులు దాదాపు అందరూ అనుకుంటారు. నా లెక్కలో మాత్రం షుగర్ రోగికి వార్డులో జరిగే మందుల తప్పుల్లో ఇదే పెద్దది. తప్పని ఎవరూ అనుకోరు కాబట్టి ఏ రిజిస్టర్లోకీ ఎక్కదు.

మనిషి ఏమీ తినకపోయినా కాలేయం రాత్రంతా రక్తంలోకి గ్లూకోజు వదులుతూనే ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టడానికి రోజంతా కొంత ఆధార ఇన్సులిన్ ఒంట్లో ఉండాలి. స్కేల్ ఆ అవసరాన్ని లెక్కలోకే తీసుకోదు. పొద్దున 140 ఉంది, ఇన్సులిన్ లేదు. ఇడ్లీలు తిన్నాక మధ్యాహ్నానికి 290, అప్పుడు 6 యూనిట్లు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడమే ఇది. టైప్ 1 రోగికైతే ఆ ‘ఏమీ వద్దు’ కీటోయాసిడోసిస్‌కు దారి తీయగలదు. 2007లో అమెరికాలో వెలువడిన రాబిట్ 2 పరిశోధనలో అంతకుముందు ఇన్సులిన్ వాడని 130 మంది టైప్ 2 రోగులను రెండు జట్లు చేశారు. రోజుకోసారి దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్, భోజనానికి ముందు మరో రకం తీసుకున్నవాళ్లలో 66 శాతం మందికి షుగర్ 140 లోపుకి వచ్చింది. స్కేల్ మీద ఉన్నవాళ్లలో 38 శాతానికే. లో షుగర్ రెండు జట్లలోనూ అరుదే.

ఆపరేషన్ రోగుల సంగతేమిటని అడగొచ్చు, అడగాలి కూడా. 2011లో అదే బృందం 211 మంది సర్జరీ రోగుల మీద చేసిన పరిశోధనలో 70 కన్నా తక్కువకు పడిపోవడం స్కేల్ జట్టులో 4.7 శాతం ఉంటే, రెండో జట్టులో 23 శాతం. ఇది చిన్న తేడా కాదు. అయితే గాయం చీము పట్టడం, నిమోనియా, కిడ్నీ దెబ్బతినడం లాంటి ఇబ్బందులన్నీ కలిపి చూస్తే స్కేల్ జట్టులో 24.3 శాతం, రెండో జట్టులో 8.6 శాతమే. లో షుగర్ భయానికి విరుగుడు మోతాదు తగ్గించడం, ముసలివాళ్లకూ కిడ్నీ జబ్బున్నవాళ్లకూ ఇంకా తగ్గించడం. ఆధార ఇన్సులిన్ అవసరమైనవాళ్లకు దాన్ని ఎగ్గొట్టడం కాదు. 2009 నాటి నైస్-షుగర్ పరిశోధనను కూడా అడ్డం పెడుతుంటారు. అందులో ఐసీయూ రోగుల షుగర్‌ను 81–108కి దించబోతే మరణాలు పెరిగిన మాట నిజమే. కానీ అక్కడ మెరుగ్గా బయటపడింది 180 మించకుండా చూసుకున్న జట్టు, గాలికొదిలేసిన జట్టు కాదు. షుగర్ కొద్దిగా మాత్రమే పెరిగినవాళ్లకు స్కేల్ ఒక్కటే సరిపోవచ్చు, ఒప్పుకుంటాను. వాళ్లకు పనికొచ్చిందని అందరికీ అదే రాయడం మీదే నా అభ్యంతరం.

సిస్టర్లు తక్కువ, ఇవన్నీ ఎవరు చూస్తారనేది ఇంకో వాదన. స్కేల్‌కైనా రోజుకు నాలుగుసార్లు వేలు పొడవాల్సిందే కదా! తగ్గేది డాక్టర్ ఆలోచన ఒక్కటే. మొదటిరోజు పట్టీయే డిశ్చార్జ్ దాకా సాగుతుంది, తేడా వస్తే మాట పడేది సిస్టర్. నిజానికి తప్పుకు తావిచ్చేది ఏర్పాటే. మన దగ్గర సీసాలో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, పెన్నులోది 100 యూనిట్లది. 100 యూనిట్ల మందును 40 గీతల ఎర్రమూత సిరంజిలోకి తీస్తే, 10 గీత దగ్గర ఒంట్లోకి పోయేది 25 యూనిట్లు. యూనిట్లు అని పూర్తిగా రాయకుండా ‘యు’ అని గిలికితే అది సున్నాలా కనబడి 10 కాస్తా 100 అవుతుంది. షుగర్ రోగుల వార్డులను ఏళ్ల తరబడి తనిఖీ చేసిన బ్రిటన్‌లోనే 2017లో దాదాపు మూడోవంతు మంది మందుల చార్టుల్లో తప్పు దొరికింది. అంతమంది సిస్టర్లూ అజాగ్రత్తపరులేనా?

మీవాళ్లెవరైనా ఆసుపత్రిలో చేరితే, ఇంట్లో వాడే ఇన్సులిన్ పేరు, మోతాదు రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి. ఇవాళ షుగర్ ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోకండి. నిన్న 300 వచ్చినందుకు ఇవాళ మోతాదులో ఏం మార్చారో డాక్టర్‌ను అడగండి.