నీటిమీద గీత



నిలవని మాటను పెద్దలు "నీటిమీద వ్రాత" అంటారు. కాని నీటిమీద గీసినా నిలిచే గీతలు కొన్ని ఉన్నాయి. అటువంటి గీత కోసం వాదించి, తరువాత సముద్రపు తగవులు తీర్చే న్యాయమూర్తి అయిన ఒక భారతీయ మహిళను గురించి ఈ నెల చెప్పుకుందాము.

ముందు మన కోనసీమ లంకల సంగతి చూడండి. గోదావరికి వరద వచ్చిందంటే ఒకవైపు గట్టు కోసుకుపోతుంది. ఇంకొకచోట మేట వేస్తుంది. నిన్న నీరున్నచోట నేడు ఇసుక తేలుతుంది. ఆ మేట ఎవరిది? సరిహద్దు రాయి పాతుదామంటే, వచ్చే వరదకు ఆ రాయి కూడా ఏట్లో కలిసిపోవచ్చును!

సరిగా ఇటువంటి తగవే బంగాళాఖాతంలో రెండు దేశాల మధ్య వచ్చింది. 1970 నవంబరులో వచ్చిన పెనుతుపాను తరువాత, గంగానది డెల్టా ముందు సముద్రంలో ఒక చిన్న ఇసుకదీవి కనబడింది. మనవారు దానిని న్యూ మూర్ అన్నారు. బంగ్లాదేశ్ వారు దక్షిణ తాల్‌పట్టి అన్నారు. మనిషి కాపురం లేని ఆ దిబ్బ కోసం 1981లో రెండు దేశాలూ ఓడలు పంపాయి. చిత్రమేమిటంటే, ఆ దీవి మళ్ళీ నీట మునిగిపోయిందని 2010లో కలకత్తా శాస్త్రజ్ఞులు చెప్పారు. దీవి పోయింది గాని తగవు పోలేదు. ఎందుకని? అసలు తగవు దీవి కోసం కాదు, దాని చుట్టూ ఉన్న సముద్రం కోసం.

సముద్రానికి కూడా హద్దులుంటాయా అని అడుగుతారేమో. ఉంటాయి. 1982లో ప్రపంచ దేశాలు కూర్చుని ఒక సముద్ర చట్టం వ్రాసుకొన్నాయి. దాని ప్రకారం తీరం నుండి 12 నాటికల్ మైళ్ళు, అనగా సుమారు 22 కిలోమీటర్లు, ఆ దేశపు సొంత సముద్రం. 200 నాటికల్ మైళ్ళ వరకు, అనగా సుమారు 370 కిలోమీటర్ల దాకా, చేపలమీద, అడుగున ఉన్న చమురుమీద, గ్యాసుమీద ఆ దేశానికే హక్కు. ఇతరుల ఓడలు ఆ దారిన పోవచ్చును గాని వల వేయరాదు. మన ఓడలరేవుకు సముద్రంలోనుంచి గొట్టాలలో గ్యాసు వస్తున్నది కదా, దాని వెనుక ఉన్నది ఈ హక్కే.

ఇరుగుపొరుగు దేశాల కొలతలు ఒకదానిమీద ఒకటి పడినప్పుడు మధ్య గీత కావాలి. గీత తేలకపోతే ముందు కష్టపడేవాడు వేటకు వెళ్ళిన మత్స్యకారుడు. 2018లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు గుజరాత్ తీరంనుంచి వేటకు వెళ్ళి పాకిస్తాన్ వారికి పట్టుబడ్డారు. 2020 జనవరిలో గాని వారు విడుదల కాలేదు.

బంగాళాఖాతం తగవును 2009లో బంగ్లాదేశ్ మధ్యవర్తుల తీర్పుకు పెట్టింది. ఐదుగురు న్యాయనిపుణులతో సభ ఏర్పడింది. వారిలో ఒకరు మన తెలుగువారు, పెమ్మరాజు శ్రీనివాసరావుగారు. 2013 అక్టోబరులో వారు స్వయంగా వచ్చి ఆ తీరం చూచారు. డిసెంబరులో హాలండు దేశంలోని హేగ్ నగరంలో వాదనలు జరిగాయి. మన దేశపు ప్రతినిధిగా నిలిచినవారు డాక్టర్ నీరూ చడ్ఢా. ఆమె విదేశాంగ శాఖలో న్యాయ సలహాదారు. ఆ శాఖలో ప్రధాన న్యాయ సలహాదారు పదవి పొందిన మొదటి మహిళ ఆమే. అవతలి దేశపు ప్రతినిధి కూడా మహిళే, డాక్టర్ దీపూ మోనీ.

"రెండు తీరాలకూ సమానదూరంలో గీత గీయండి" అన్నది మన వాదన. వినడానికి న్యాయంగానే ఉన్నది. కాని బంగ్లాదేశ్ తీరం లోపలికి వంగి ఉన్నది. అటు బర్మా, ఇటు మనము. ఒక బల్లమీద ముగ్గురు పిల్లలు కూర్చున్నారనుకోండి. మధ్యవాడు కొంచెం వెనక్కు ఉంటే, ఇరుప్రక్కలవారి భుజాలు వాడి ముందర కలుసుకొంటాయి. వాడికి పుస్తకం పెట్టుకొనే చోటే ఉండదు! "మా గతి అదే" అన్నది బంగ్లాదేశ్ వాదన.

2014 జూలై 7న తీర్పు వచ్చింది. న్యాయనిపుణులు సమదూరపు గీతనే తీసుకొని, దానిని కొంత మనవైపు జరిపారు. తగవులో ఉన్న సుమారు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కాయి. శ్రీనివాసరావుగారు కొన్ని అంశాలలో మిగిలిన నలుగురితో ఏకీభవించక, తన అభిప్రాయం విడిగా వ్రాశారు.

మరి మన దేశం ఏమి చేసింది? మనది పెద్ద దేశం, పెద్ద నౌకాదళం. అయినా తీర్పును గౌరవించింది. నలభై ఏళ్ళ తగవు తుపాకి ప్రేలకుండా తీరింది. మనము అడిగినదంతా రాలేదు, నిజమే. కాని నాకు నచ్చిన తీర్పుకే తల వంచుతానంటే, అది చట్టానికి తల వంచడం అవుతుందా? ఆలోచించండి.

జర్మనీలోని హాంబర్గు నగరంలో సముద్ర చట్టానికి ప్రత్యేకమైన అంతర్జాతీయ న్యాయస్థానం ఉన్నది. అందులో 21 మంది న్యాయమూర్తులు. 1996 నుండి 2017 వరకు అక్కడ మన దేశపు న్యాయమూర్తి కృష్ణాజిల్లాలో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావుగారు. 1999 నుండి 2002 వరకు ఆయన ఆ న్యాయస్థానానికి అధ్యక్షులు కూడాను. ఆయన తరువాత 2017లో 120 దేశాల ఓట్లతో ఎన్నికైనవారు నీరూ చడ్ఢాగారే. ఆ పీఠం ఎక్కిన మొదటి భారతీయ మహిళ ఆమె. 2023లో ఉపాధ్యక్షురాలైనారు. నిన్న ఒక దేశం తరపున వాదించిన మనిషి, పీఠమెక్కిన తరువాత అన్ని దేశాలనూ ఒకే త్రాసులో తూచాలి. అదీ ఆ పదవిలోని కష్టం!

2024 మే 21న ఆ న్యాయస్థానం ఒక ముఖ్యమైన సలహా చెప్పింది: భూమిని వేడెక్కించే వాయువులు సముద్రాన్ని కూడా కలుషితం చేస్తాయి, వాటిని తగ్గించడానికి పాటుపడటం దేశాల విధి అని. ఆ సలహా అడిగినవి పసిఫిక్, కరీబియన్ సముద్రాలలోని చిన్న చిన్న ద్వీపదేశాలు. సముద్రం పైకి వస్తే మునిగేది ముందు వారే. అంతర్వేది దగ్గర అలలు తీరాన్ని కోయడం చూచిన మీకు వారి భయం వేరే చెప్పాలా?

ఇక మీకొక పని. అట్లాసు తీసి, అడుగున ఉన్న కొలబద్ద చూచి, అంతర్వేది నుండి సముద్రంలోకి 370 కిలోమీటర్లు ఎంతదాకా వస్తుందో గుర్తుపెట్టండి. తరువాత కాగితంమీద లోపలికి వంగిన తీరం ఒకటి గీసి, దానిని మూడు దేశాలకు పంచి, మధ్యదేశానికి సముద్రంలో చోటు దక్కేటట్లు గీతలు గీయండి. మీ ప్రక్కవాడు "ఇది న్యాయమే" అని ఒప్పుకొంటేనే మీరు నెగ్గినట్లు!