జోడు కొనేముందు చుక్కలు

మీ అబ్బాయి పదో తరగతా? ఉన్నట్టుండి బోర్డు మీద అక్షరాలు మసగ్గా ఉన్నాయంటున్నాడా? కంగారుపడి కళ్లజోడు కొనేయకండి. పుస్తకమో, సెల్‌ఫోనో గంటలకొద్దీ దగ్గరగా చూస్తే కంటిలోని సీలియరీ కండరం బిగుసుకుపోయి, లేని హ్రస్వదృష్టి ఉన్నట్టు కనబడుతుంది. ఇదే సూడోమయోపియా. దీనికి మైనస్ అద్దాలు పెడితే కండరానికి ఇంకా శ్రమే.

అందుకే చుక్కలు వేసి పవరు చూడమని కంటి డాక్టరుగారిని అడగండి. కండరం సడలాక పవరు పోయిందా, అది ఉత్త బిగింపే!

మందుగానూ ఈ చుక్కలే వాడతారు. ట్రోపికమైడ్ ప్రభావం కొన్ని గంటలే. రాత్రి వేస్తే పొద్దున చదువుకు అడ్డురాదు. సైక్లోపెంటొలేట్ దాదాపు ఒక రోజు, హోమట్రోపిన్ 1 నుంచి 3 రోజులు ఉంటాయి. 1 శాతం అట్రోపిన్ అన్నిటికన్నా గట్టిది. వారం, పది రోజులు దగ్గరి అక్షరాలు మసకే, వెలుతురు భరించలేరు. పరీక్షలు దగ్గరపడితే ఆ మాట డాక్టరుగారికి ముందే చెప్పండి. నోరెండి, ముఖం ఎర్రబడి, జ్వరం వస్తే వెంటనే చూపించండి. అసలు మయోపియా పెరక్కుండా ఇచ్చే 0.01 శాతం అట్రోపిన్ వేరు, పక్కింటి సీసా తెచ్చి వేయకండి.

చుక్కలు కండరాన్ని వదులు చేస్తాయి గానీ అలవాటు మార్చవు. 20 నిమిషాలకోసారి తలెత్తి కిటికీలోంచి దూరంగా చూడమనండి.