అరుగు మీద కబుర్లు: కీలెరిగి వాత పెట్టు



ఈ ఏడు వానలు కాస్త ముందుగానే పలకరించాయి. మా వజ్రకరూరులో తొలకరి పడిందంటే పొలాల్లోకి నాగళ్ళకంటే ముందు మనుషులు దిగుతారు. పైమట్టి కొట్టుకుపోయి అడుగు రాళ్ళు బయటపడతాయి గదా, వాటిలో ఎక్కడైనా ఒక వజ్రం మెరవకపోతుందా అని పిల్లా పెద్దా నడుములు వంచి వెదుకుతారు.

ఆ రోజు మా ఇంట్లోంచి మాత్రం ఎవరూ పొలానికి పోలేదు. అరుగు మీద పెద్ద తగాదా జరుగుతున్నది.

సెలవులకు నా పెద్ద మనవడు బెంగుళూరు నుంచి వచ్చాడు. వస్తూ రెండు మరమనుషుల బొమ్మలు తెచ్చాడు. ఒకటి పాతది, వేలెడంత ఉంటుంది. మా పెద్దబ్బాయి చిన్నతనంలో అమెరికాలో ఉన్న మేనమామ పంపించింది. గుండ్రటి వీపున్న పసుపుపచ్చ కారు. విప్పితే మరమనిషి అవుతుంది. రెండోది కొత్తది. అదీ పసుపుపచ్చదే కాని పందేల్లో పరుగెత్తే కారులా పొడుగ్గా, పదునుగా ఉంటుంది. దాన్నీ విప్పితే మరమనిషే. విచిత్రమేమిటంటే రెండింటి పేరూ బంబుల్‌బీయే!

“కొత్తదే బాగుంది. దీనికి మోచేతులు వంగుతాయి, మోకాళ్ళు వంగుతాయి. పాతదానికి ఏమున్నాయి?” అన్నాడు పెద్దవాడు.

“పాతదే అసలుది. దాని పేరు దీనికి పెట్టారు, అంతే!” అన్నాడు చిన్నవాడు. వాడు ఇక్కడే మా దగ్గర చదువుకుంటున్నాడు.

వాళ్ళ చెల్లెలు రెండింటినీ చెరో చేత పట్టుకుని, “తాతా, ఏది నిజం బంబుల్‌బీ?” అని నన్ను అడిగింది.

పిల్లలూ, ఈ తగాదా మా అరుగు మీద పుట్టింది కాదు. ప్రపంచమంతటా ఇలాంటి బొమ్మలు కూడబెట్టే పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి దీని మీదనే వాదించుకుంటున్నారు. ముందు ఆ కథ వినండి.

జపానులో టకారా అనే బొమ్మల కంపెనీ వాహనాలుగా మారే మరమనుషుల్ని తయారుచేసేది. 1984లో అమెరికాలోని హాస్‌బ్రో కంపెనీ ఆ బొమ్మల్ని తీసుకుని, ఒక్కొక్కదానికి పేరూ, గుణమూ, కథా కల్పించి ట్రాన్స్‌ఫార్మర్స్‌ అనే పేరుతో అమ్మింది. ఆ ఏడాదే టెలివిజన్‌లో కార్టూన్‌ కథలు కూడా మొదలయ్యాయి. ఇక్కడే ఒక తమాషా జరిగింది. కార్టూన్‌ అంటే వేల బొమ్మలు గీయాలి గదా! అందుకని చిత్రకారులు గీయటానికి తేలికగా ఆకారాలు మార్చారు. ఐరన్‌హైడ్‌ అనే మరమనిషి సంగతి చూడండి. అంగట్లో అమ్మిన బొమ్మకు సరైన తలే లేదు. వ్యాను ముందు అద్దం వెనకాల ముఖంలాంటి బొమ్మ అంటించి ఉండేది. కార్టూన్‌లో మాత్రం వాడికి చక్కటి తల ఉన్నది!

ఆనాటి పిల్లలు పెద్దవాళ్ళై ఉద్యోగాలు చేసుకుంటూ, తమ చిన్ననాటి బొమ్మలు మళ్ళీ కావాలన్నారు. 2003 నుంచి కంపెనీవాళ్ళు మాస్టర్‌పీస్‌ అనే పేరుతో ఆ పాత వీరుల్నే మేలైన పనితనంతో తిరిగి చేయసాగారు. చేస్తే దేనిలా చేయాలి? “మా చేతుల్లో ఆడిన బొమ్మలా ఉండాలి” అన్నారు కొందరు. “మేము కార్టూన్‌లో చూసినట్టు ఉండాలి” అన్నారు మరికొందరు. “కాలం మారింది, బొమ్మా మారాలి” అన్నారు ఇంకొందరు. 2007లో వచ్చిన సినిమాలో బంబుల్‌బీని పాత ఫోక్స్‌వాగన్‌ బీటిల్‌ కారు మానిపించి, షెవ్రొలే కమారో కారుగా మార్చారు. 2018లో వచ్చిన సినిమాలో మళ్ళీ బీటిల్‌ కారునే తెచ్చారు. అంటే మార్చినవాళ్ళే వెనక్కి తిరిగి చూశారన్నమాట.

నేను ఇంతవరకు చెప్పి, “మన ఇంట్లో కూడా ఇలాంటిదే ఒకడు ఉన్నాడు, చూస్తారా?” అన్నాను.

అటక మీది ట్రంకుపెట్టె దింపించాను. పాతచీరలో చుట్టి ఉన్న తోలుబొమ్మను తీశాను. వాడు జుట్టుపోలిగాడు. మా చిన్నప్పుడు తోలుబొమ్మలాటవాళ్ళు ఊరికి వచ్చారంటే తెల్లవారేదాకా రామాయణమో, భారతమో ఆడేవారు. మధ్యమధ్య జుట్టుపోలిగాడూ బంగారక్కా వచ్చి దెబ్బలాడుకునేవారు. నిద్రపోతున్న పిల్లలంతా అప్పుడు లేచి కూచునేవారు. ఆటలు తగ్గిపోయాక ఒక మేళంవాళ్ళు కొన్ని బొమ్మలు అమ్ముకుంటుంటే నేను వీణ్ణి కొన్నాను.

కొన్నానే కాని, ఎవర్నీ తాకనివ్వలేదు. “ముట్టుకుంటే పాడవుతుంది” అని పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు తీసి చూస్తే ఏముంది? కుడిచేతి అంచు పురుగు తినేసింది. భుజం దగ్గర కట్టిన దారం చివికిపోయి చెయ్యి ఊడి చీరలో పడింది. పిల్లలు నా ముఖం చూశారు. నేనేమీ అనలేకపోయాను.

“దీనికి కొత్త రంగులు వేద్దాం. చిన్న మోటారు బిగిస్తే తనంతట తనే చెయ్యి ఊపుతాడు” అన్నాడు పెద్దవాడు.

“వద్దు! అద్దాల పటం కట్టిద్దాం. ఉన్నది ఉన్నట్టు ఉంచాలి” అన్నాడు చిన్నవాడు.

చూశారా, బంబుల్‌బీ తగాదాయే జుట్టుపోలిగాడికీ వచ్చింది! నాకు లోలోపల చిన్నవాడి మాటే నచ్చింది. కాని ఉన్నది ఉన్నట్టు ఉంచబోయే గదా వాడికి ఈ గతి పట్టించాను! అందుకని, “బొమ్మలు చేసేవాళ్ళనే అడుగుదాం” అన్నాను.

మరునాడు నలుగురమూ బస్సెక్కి అనంతపురం, అక్కడినుంచి ధర్మవరం మీదుగా నిమ్మలకుంట వెళ్ళాం. 2022లో జిల్లాలు విడదీసినప్పటి నుంచి ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. తోలుబొమ్మలకు అది పెట్టిన పేరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

అక్కడ పిల్లలు బొమ్మ పుట్టటం కళ్ళారా చూశారు. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగలాగి ఎండబెడతారు. అప్పుడది వెలుగు చొరబడేటంత పలచన అవుతుంది. దాని మీద ఆకారం గీసి, కత్తిరించి, నగలూ బట్టల అంచులూ కనిపించేట్టు సన్నని చిల్లులు కొడతారు. తరువాత రెండువైపులా రంగులు వేస్తారు. మెడ, భుజాలు, మోచేతులు వేరువేరు ముక్కలుగా చేసి, చిల్లులోంచి దారం పోనిచ్చి ముడివేస్తారు. ఆ ముడే కీలు. దాని మీదనే చెయ్యి తిరుగుతుంది.

కాని చుట్టూ చూస్తే ఆడే బొమ్మలకంటే దీపాల మీద కప్పే తోలుబుట్టలే ఎక్కువగా వేలాడుతున్నాయి. వాటిమీద నెమళ్ళు, చెట్లు, ఏనుగులు. లోపల దీపం పెడితే రంగులన్నీ వెలుగుతాయి.

“వీటికి కీళ్ళు లేవే?” అన్నది మా చిట్టిది.

నిజమే. రాత్రంతా ఆటచూసే ఊళ్ళు తగ్గిపోయాయి. అందుకని ఆ తోలూ, ఆ ఉలీ, ఆ రంగులూ దీపపు బుట్టలయ్యాయి. వాటిమీద అక్కడ ఇళ్ళు గడుస్తున్నాయి. ఆట పోయిందని మనం విచారించవచ్చు. కాని ఆ బుట్టలు లేకపోతే ఈనాటికి ఆ ఉలి పట్టటం తెలిసిన చెయ్యి కూడా మిగిలేది కాదేమో!

ఒక కళాకారుడు మా జుట్టుపోలిగాణ్ణి అటూ ఇటూ తిప్పి చూసి ఒక్కటే ప్రశ్న వేశాడు: “ఆడించటానికా సామీ, తగిలించటానికా?”

తగిలించటానికైతే చేతిని గట్టిగా అంటించేస్తాడట. ఆడించటానికైతే దారం కీలు కట్టాలి. నేను ఇంకా ఆలోచిస్తుండగానే మా చిట్టిది, “ఆడించటానికే!” అన్నది. ఆయన నావంక చూశాడు. నేను తల ఊపాను.

పురుగు తిన్నచోట కొత్త తోలుముక్క అతికి, రంగు కలిపి, భుజానికి కొత్త దారం కట్టి ఇచ్చాడు. పాత రంగుల జోలికి మాత్రం పోలేదు.

ఆ రాత్రి మా ఇంటి వసారాలో నా పంచె తెరగా కట్టాం. పూర్వం తెర వెనక ఆముదపు దీపాలు పెట్టేవారు. తరువాత పెట్రోమాక్సులు వచ్చాయి, ఆ తరువాత కరెంటు బల్బులు. మా పెద్దవాడు ఎల్‌.ఇ.డి. దీపాల పట్టీ తెచ్చి కట్టాడు. జుట్టుపోలిగాణ్ణి తెరకు ఆనించినంతసేపూ బాగానే ఉన్నది. కొంచెం వెనక్కి లాగేసరికి పోలిగాడు ఒక్కడు పదిమంది అయ్యాడు! ఎందుకో చెప్పగలరా? పట్టీలో ఎన్ని చిన్నదీపాలుంటే అన్ని నీడలు పడతాయి. అప్పుడు పట్టీ తీసేసి ఒకే ఒక చిన్న బల్బు పెట్టాడు. నీడ ఒక్కటై, అంచులు తేరుకున్నాయి. దీపం మారింది కాని పోలిగాడు మారలేదు. చెయ్యి ఎత్తి వీపు గోక్కున్నాడు. ఇరుగుపొరుగు పిల్లలు పకపకా నవ్వారు.

ఆట అయిపోయాక అరుగు మీద కూచున్నాం. “తాతా, నా ప్రశ్నకు జవాబు చెప్పనేలేదు” అన్నది చిట్టిది.

“కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. ఎక్కడ కీలున్నదో తెలిసి వైద్యం చేయాలని దాని అర్థం. పాత బొమ్మను కొత్తగా చేసేవాడికీ అదే సూత్రం. పోలిగాడి ప్రాణం భుజం ముడిలో ఉన్నది. అది ఉంచి దీపం మార్చాం. మరి బంబుల్‌బీ ప్రాణం ఎక్కడున్నది?” అన్నాను.

చిన్నవాడు కాసేపు ఆలోచించి, “విప్పటంలో, మూయటంలో. ఏ కారైనా ఫరవాలేదు. కాని నేనే విప్పాలి” అన్నాడు.

“అయితే ఇది విను. 2021లో రోబోసెన్‌ అనే కంపెనీ హాస్‌బ్రో అనుమతితో ఆప్టిమస్‌ ప్రైమ్‌ను చేసింది. లోపల 27 చిన్న మోటార్లు. మారమని నోటితో చెబితే చాలు, తనంతట తనే లారీగా మారిపోతుంది!” అన్నాను.

“అబ్బ!” అన్నాడు పెద్దవాడు.

“మరి నా చేతులేం చేయాలి?” అన్నాడు చిన్నవాడు.

“చప్పట్లు కొట్టాలి” అన్నది చిట్టిది.

పెద్దవాడు ఊరుకోలేదు. “అది చేసినవాళ్ళ చేతులకు ఎంత పనో చూడు! 27 మోటార్లూ ఒకదానికొకటి తగలకుండా నడవాలి. నేనైతే అలాంటిది చేయటం నేర్చుకుంటాను” అన్నాడు. ఆ మాటా కాదనలేకపోయాను. తగాదా తెగలేదు, అయినా ఆ రాత్రి ముగ్గురూ రెండు బంబుల్‌బీలనూ పక్కలో పెట్టుకుని పడుకున్నారు.

మీకు మరొక ఉదాహరణ. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉన్నది. అక్కడ అంకుడు కర్రతో లక్కపిడతలు, బొంగరాలు చేస్తారు. ఒకప్పుడు రంగులు చెట్లనుంచి వచ్చేవి. తరువాత చవకగా దొరుకుతాయని రసాయనిక రంగులు వచ్చాయి. అలాంటి రంగులు కొన్నింట్లో సీసంవంటి విషాలుంటాయి. పసిపిల్లలు లక్కపిడతను ఏం చేస్తారు? తిన్నగా నోట్లో పెట్టుకుంటారు! సి.వి. రాజు గారు మళ్ళీ పసుపు, నీలి, జాఫ్రా గింజలవంటి వాటితో లక్కకు రంగు పట్టించే పనికి పూనుకున్నారు. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మకు పసివాడి నోరే కీలు. ఆకారం ఎన్నిరకాలుగా మార్చినా, నోట్లో పెట్టుకుంటే హాని చేయని గుణం మాత్రం పోకూడదు.

ఇక మీరు చేయవలసిన పని. ఒక అట్టముక్క మీద మనిషిని గీసి కత్తిరించండి. చేతులు విడిగా కత్తిరించండి. సూదితో చిల్లి పొడిచి దారం పోనిచ్చి రెండువైపులా ముడివేయండి. ముడి మరీ బిగిస్తే చెయ్యి తిరగదు, మరీ వదిలితే వేలాడిపోతుంది. చెయ్యి ఎత్తటానికి చీపురుపుల్ల కట్టండి. తెల్లబట్ట వెనకనుంచి ఒకసారి టార్చిలైటుతో, ఒకసారి ట్యూబులైటుతో బొమ్మను ఆడించి, ఏ దీపానికి నీడ అంచు స్పష్టంగా ఉన్నదో, ఎందుకో నాకు రాయండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ అటకల మీద కూడా తాళంవేసిన పెట్టెలుంటాయి. ఒకసారి దింపి చూడండి. దారం ఇంకా చివికిపోకముందే.

మీ
అరుగు తాతయ్య